గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల భూగర్భ జలాల రుచి, ఖనిజాలు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల భూగర్భ జలాలు తెలంగాణ రాష్ట్రపు దక్షిణ భాగంలో, కృష్ణా, తుంగభద్ర నదుల పరీవాహక ప్రాంతంలో ఉన్న బావుల, బోరుబావుల, ఊటల నీళ్ళు. ఈ మూడు పట్టణాలు పూర్వం మహబూబ్‌నగర్ జిల్లాలో (వాడుకలో పాలమూరు జిల్లా) ఉండేవి. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో ఇవి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలకు కేంద్రాలయ్యాయి. ఇక్కడి నీరు ఒక బావిలో తియ్యగా, పక్క బావిలో ఉప్పగా ఉండటం సాధారణం. ఈ తేడాకు కారణం నీటిలో కరిగి ఉన్న ఖనిజ లవణాలు. అయితే ఆరోగ్యానికి హాని చేసే ఖనిజాలన్నీ నాలుకకు తెలియవు. ముఖ్యంగా ఫ్లోరైడుకు రుచి, రంగు, వాసన లేవు. అందువలన ఈ ప్రాంతంలో నీటి రుచికి, నీటి మంచిచెడ్డలకు మధ్య ఉన్న సంబంధాన్ని తెలుసుకోవడం అవసరం.

నైసర్గిక స్వరూపం

ఈ ప్రాంతంలో ఎక్కువ భాగం గ్రానైటు, నైస్ శిలలతో ఏర్పడింది. ఇవి సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటివి లేదా అంతకంటే పాతవి. గద్వాల పరిసరాలలో వీటి మధ్య ముదురు రంగు శిలల పట్టీ ఒకటి ఉంది. భూగర్భ శాస్త్రంలో దీనిని గద్వాల శిలా పట్టీ అని వ్యవహరిస్తారు. నాగర్‌కర్నూల్ జిల్లా దక్షిణ, తూర్పు భాగాలలో నల్లమల కొండలు ఉన్నాయి. ఈ కొండలలో క్వార్ట్‌జైటు అనే గట్టి ఇసుక శిల ఎక్కువ.

గ్రానైటులో నీరు నిలవడానికి సహజమైన రంధ్రాలు ఉండవు. పైపొరలో శిథిలమైన మెత్తని రాతిలోను, లోతున ఉన్న పగుళ్ళలోను మాత్రమే నీరు నిలుస్తుంది. ఒక పగులులోని నీటికి మరొక పగులులోని నీటికి సంబంధం ఉండకపోవచ్చు. ఒకే ఊరిలో మంచినీళ్ళ బావి, ఉప్పునీళ్ళ బావి దగ్గర దగ్గరగా ఉండటానికి ఇది ముఖ్య కారణం.

ఈ ప్రాంతంలో వర్షపాతం తక్కువ. గద్వాల ప్రాంతం తెలంగాణలో అతి తక్కువ వర్షం పడే ప్రాంతాలలో ఒకటి. ఎండలు ఎక్కువ కావడంతో పడిన నీటిలో చాలా భాగం ఆవిరవుతుంది. నీరు ఆవిరైనా అందులోని లవణాలు నేలలోనే మిగులుతాయి. పల్లపు భూములలో తెల్లగా పైకి తేలే చౌడు (స్థానికంగా సౌడు) ఇలా ఏర్పడినదే. తక్కువ వర్షాన్ని నిలుపుకోవడానికి సంస్థానాల కాలం నుండి ఇక్కడ చెరువులు తవ్వించారు. శ్రీరంగాపూర్ లోని రంగసముద్రం, ఘనపూర్ లోని గణపసముద్రం, నాగర్‌కర్నూల్ లోని కేసరి సముద్రం ఇందుకు ఉదాహరణలు. చెరువు నీరు భూమిలోకి ఇంకి దిగువనున్న బావులలోని లవణాలను పలచన చేస్తుంది. చెరువు కింది బావిలో నీరు తియ్యగా ఉంటుందని పెద్దలు చెప్పే మాటకు ఆధారం ఇదే.

నీటిలోకి ఖనిజాలు చేరే విధానం

వర్షపు నీటిలో లవణాలు దాదాపు ఉండవు. గాలిలో కార్బన్ డయాక్సైడు (బొగ్గుపులుసు వాయువు) 0.04 శాతం మాత్రమే ఉంటుంది. నేలలో మాత్రం చెట్ల వేళ్ళు, సూక్ష్మజీవులు విడిచే వాయువు వలన ఇది అంతకంటే అనేక రెట్లు ఎక్కువగా ఉంటుంది. నేలలోకి ఇంకే నీరు ఈ వాయువును కరిగించుకొని బలహీనమైన కార్బోనిక్ ఆమ్లంగా మారుతుంది. ఈ ఆమ్లం రాతిలోని ఖనిజాలను నెమ్మదిగా కరిగిస్తుంది. ఆ క్రమంలో వాయువు బైకార్బొనేటుగా మారిపోతుంది.

ఏ ఖనిజం నుండి ఏ మూలకం వస్తుందో స్థూలంగా ఇలా చెప్పవచ్చు:

* ఫెల్డ్‌స్పార్ - సోడియం, కాల్షియం, పొటాషియం
* నల్ల అభ్రకం, హార్న్‌బ్లెండు - మెగ్నీషియం, ఇనుము, కొంత ఫ్లోరైడు
* ఫ్లోర్‌స్పార్, అపటైటు - కాల్షియం, ఫ్లోరైడు
* నల్లరేగడి నేలలలోని సున్నపు గులకలు - కాల్షియం, బైకార్బొనేటు

క్లోరైడు, సల్ఫేటు, నైట్రేటులలో చాలా భాగం రాతి నుండి రాదు. ఆవిరి వలన పోగైన లవణాలు, ఎరువులు, పశువుల పెంట, మరుగుదొడ్ల గుంటలు వీటికి ముఖ్య మూలాలు.

సహజ సోడా నీరు ఇక్కడ ఎందుకు లేదు

కొన్ని దేశాలలో భూమి నుండే బుడగలతో పైకి వచ్చే ఊట నీరు దొరుకుతుంది. జర్మనీలోని సెల్టర్స్, గెరోల్‌స్టైన్, ఫ్రాన్సులోని విషీ ఇందుకు ప్రసిద్ధి. సోడా నీటికి వాడే సెల్ట్‌జర్ అనే మాట సెల్టర్స్ గ్రామం పేరు నుండి వచ్చింది. ఇటువంటి ఊటలకు లోతు నుండి నిరంతరం కార్బన్ డయాక్సైడు అందాలి. గెరోల్‌స్టైన్ ఉన్న ఐఫెల్ ప్రాంతంలో భూగర్భ శాస్త్ర దృష్ట్యా ఇటీవలి కాలపు అగ్నిపర్వతాలు ఉన్నాయి. అక్కడి వాయువు ఒత్తిడితో నీటిలో కరిగి, నీరు పైకి వచ్చినప్పుడు బుడగలుగా విడివడుతుంది. వాయువు ఎక్కువగా ఉండటం వలన ఆ నీరు రాతిని కూడా ఎక్కువగా కరిగిస్తుంది. గెరోల్‌స్టైన్ నీటిలో లీటరుకు సుమారు 2,500 మిల్లీగ్రాముల లవణాలు ఉంటాయి. అందులో కాల్షియం సుమారు 350 మిల్లీగ్రాములు, మెగ్నీషియం సుమారు 100 మిల్లీగ్రాములు.

పాలమూరు గ్రానైటు ప్రాంతంలో అటువంటి అగ్నిపర్వతాలు లేవు. నేలపొరలలో పుట్టే కొద్దిపాటి వాయువు రాతితో కలిసి బైకార్బొనేటుగా మారిపోతుంది కనుక బుడగలు రావు. అంటే సోడా ఊటలోను, పాలమూరు బావిలోను రాతిని కరిగించేది ఒకే వాయువు. ఒకచోట అది మిగిలిపోయి నాలుకకు తెలుస్తుంది, మరొకచోట ఖర్చయిపోతుంది.

ఈ ప్రాంతంలో దొరికే గోళీ సోడా కృత్రిమంగా తయారు చేసినదే. నీటిలో ఈ వాయువును కలిపే పద్ధతిని ఇంగ్లాండుకు చెందిన జోసెఫ్ ప్రీస్ట్‌లీ 1767లో కనుగొన్నాడు. గోళీ మూత గల సీసాకు హైరమ్ కాడ్ 1872లో పేటెంటు పొందాడు. సోడాలోని పులుపుకు కారణం బుడగలు పగలడం మాత్రమే కాదు. నాలుకపై పులుపును గుర్తించే కణాలలోని ఒక ఎంజైము ఈ వాయువును ఆమ్లంగా మారుస్తుందని 2009లో అమెరికా శాస్త్రవేత్తలు ఎలుకలపై పరిశోధనలో చూపారు.

రుచిలో ఖనిజాల పాత్ర

నీటిలో కరిగి ఉన్న మొత్తం లవణాలను టి.డి.ఎస్. అంటారు. లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములు అని దీనిని కొలుస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం ఇది 600 లోపు ఉన్న నీరు సాధారణంగా రుచిగా ఉంటుంది. 1,000 దాటిన కొద్దీ రుచి చెడుతుంది. లవణాలు మరీ తక్కువైనా నీరు చప్పగా అనిపిస్తుంది.

* సోడియం, క్లోరైడు: ఉప్పదనం ఇస్తాయి. ఇవి ఒక్కొక్కటి లీటరుకు సుమారు 200 మిల్లీగ్రాములు దాటితే చాలామందికి తెలుస్తుంది.
* కాల్షియం: సుమారు 100 నుండి 300 మిల్లీగ్రాముల మధ్య రుచి తెలుస్తుంది. తగు పాళ్ళలో ఉంటే నీటికి నిండుదనం వస్తుంది.
* మెగ్నీషియం: ఎక్కువైతే చేదు కలుగుతుంది. సల్ఫేటుతో కలిసినప్పుడు విరేచనాలు కూడా కావచ్చు.
* బైకార్బొనేటు: ఉప్పదనాన్ని, పులుపును కొంత అణచి నీటిని మెత్తగా అనిపింపజేస్తుంది.
* ఇనుము: లోహపు రుచి, తుప్పు వాసన ఇస్తుంది. రాత్రంతా కదపని బోరింగులో పొద్దున్నే వచ్చే ఎర్రని నీటికి తరచుగా గొట్టాల తుప్పే కారణం.
* ఫ్లోరైడు, నైట్రేటు: బావులలో సాధారణంగా ఉండే పరిమాణంలో వీటి రుచి తెలియదు.

నీటి చల్లదనం కూడా రుచిని మారుస్తుంది. అదే నీరు మట్టికుండలో చల్లబడితే ఉప్పదనం తక్కువగా అనిపిస్తుంది. కాని అందులోని లవణాలు తగ్గవు.

వంటింటి గుర్తులు

ప్రయోగశాలలు లేని కాలంలో ప్రజలు నీటిని వంటతోను, ఉతుకుతోను పరీక్షించేవారు. కందిపప్పు త్వరగా ఉడికితే మంచినీరని, ఉడకకపోతే ఉప్పునీరని చెప్పుకునేవారు. దీనికి శాస్త్రీయ కారణం ఉంది. పప్పు గింజలలోని పెక్టిన్ అనే పదార్థంతో కాల్షియం, మెగ్నీషియం కలిసి గింజను గట్టిపరుస్తాయి. సోడియం బైకార్బొనేటు ఉన్న నీరు దానిని త్వరగా మెత్తబరుస్తుంది. పప్పులో చిటికెడు వంటసోడా వేయడం వలన జరిగేదీ ఇదే.

సబ్బు నురగ రాకపోవడానికి కూడా కాల్షియం, మెగ్నీషియంలే కారణం. ఇవి ఎక్కువగా ఉన్న నీటిని కఠిన జలం అంటారు. కఠినత్వం రెండు రకాలు. బైకార్బొనేటు వలన కలిగేది తాత్కాలిక కఠినత్వం. ఇది కాచినప్పుడు తెల్లని పొరగా గిన్నె అడుగున పేరుకొని తొలగిపోతుంది. క్లోరైడు, సల్ఫేటుల వలన కలిగేది శాశ్వత కఠినత్వం. ఇది కాచినా పోదు.

ఈ గుర్తులు నీటి కఠినత్వాన్ని సరిగానే చెబుతాయి. కాని కఠినత్వం లేని నీరు సురక్షితమైన నీరని వాటి అర్థం కాదు.

ప్రాంతాల వారీగా

నల్లమల ఊటలు: అచ్చంపేట దగ్గరి ఉమామహేశ్వరం, అడవిలోని సలేశ్వరం వంటి చోట్ల కొండచరియల నుండి నీరు ఊరుతుంది. క్వార్ట్‌జైటు నీటిలో దాదాపు కరగదు. కాబట్టి ఇటువంటి శిలల గుండా కొద్దికాలం మాత్రమే ప్రవహించి వచ్చే నీటిలో లవణాలు తక్కువగా ఉండి, నీరు తేలికగా అనిపిస్తుంది. అయితే లవణాలు తక్కువైనంత మాత్రాన సూక్ష్మజీవులు లేవని చెప్పలేము.

వనపర్తి, నాగర్‌కర్నూల్ మైదానం: ఎర్ర చల్క నేలలు, గ్రానైటు గుట్టలు ఉన్న ప్రాంతం. చెరువుల కింద, వాగుల పక్క నీరు సాధారణంగా మంచిది. లోతైన బోర్లలో నీరు రాతితో ఎక్కువ కాలం కలిసి ఉండటం వలన లవణాలు, ఫ్లోరైడు పెరిగే అవకాశం ఉంది. నాగర్‌కర్నూల్ జిల్లాకు ఈశాన్యాన ఫ్లోరైడు సమస్యకు పేరుపడ్డ నల్గొండ జిల్లా ఉంది. రెండు చోట్లా శిలలు ఒకే తరహావి.

గద్వాల, అలంపూర్ ప్రాంతం: కృష్ణా, తుంగభద్రల మధ్య ఉన్న ఈ భూభాగాన్ని నడిగడ్డ అంటారు. ఇక్కడ నల్లరేగడి నేలలు విస్తారంగా ఉన్నాయి. రేగడిలో నీరు నెమ్మదిగా ఇంకి, ఎక్కువగా ఆవిరవుతుంది. అందువలన పల్లపు చోట్ల నీరు ఉప్పగా మారే అవకాశం ఎక్కువ. కాలువల కింద నీటి పారుదల సరిగా లేని పొలాలలో కూడా నీటిమట్టం పైకి వచ్చి చౌడు తేలుతుంది.

నాలుకకు తెలియని ఖనిజాలు

ఫ్లోరైడు: నీటిలో ఇది కొద్దిగా ఉంటే దంతాలకు మేలు. ఎక్కువైతే ఫ్లోరోసిస్ అనే వ్యాధి కలుగుతుంది. శాశ్వత దంతాలు ఏర్పడే వయసులో, అనగా సుమారు ఎనిమిదేళ్ళ లోపు, ఎక్కువ ఫ్లోరైడు తీసుకున్న పిల్లల పళ్ళపై సుద్ద వంటి తెల్లని మచ్చలు, తరువాత గోధుమరంగు గారచారలు వస్తాయి. దీర్ఘకాలం మరింత ఎక్కువ మోతాదులో తాగితే ఎముకలు, కీళ్ళు బిగుసుకుపోతాయి. మెడ, నడుము వంగకపోవడం దీని లక్షణాలు. ఎముకలకు జరిగిన నష్టాన్ని పూర్తిగా నయం చేసే మందు లేదు. కాబట్టి నివారణే మార్గం. భారతదేశంలో ఈ వ్యాధిని గురించి షార్ట్ మొదలైన వైద్యులు 1937లో ప్రకటించారు. వారు పరిశీలించినది అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా గ్రామాలను.

నైట్రేటు: ఎరువుల నుండి, మలమూత్రాల నుండి నీటిలోకి చేరుతుంది. ఆరు నెలల లోపు శిశువులకు ఇటువంటి నీటితో పాలు కలిపి పడితే రక్తం ప్రాణవాయువును మోయలేక చర్మం నీలంగా మారవచ్చు.

నీటిని కాచడం వలన ఈ రెండూ పోవు. నీరు ఆవిరై తగ్గిన మేరకు వాటి సాంద్రత పెరుగుతుంది.

మంచి రుచి, ఎక్కువ ఫ్లోరైడు

కాల్షియం, ఫ్లోరైడు కలిస్తే కాల్షియం ఫ్లోరైడు ఏర్పడుతుంది. ఇది నీటిలో చాలా కొద్దిగా మాత్రమే కరుగుతుంది. అందువలన కాల్షియం ఎక్కువగా ఉన్న కఠిన జలంలో ఫ్లోరైడు ఒక హద్దు దాటి పెరగలేదు. పొడి ప్రాంతాలలో నీటిలోని కాల్షియం సున్నపు గులకలుగా నేలలో పేరుకుపోతుంది. అప్పుడు నీటిలో సోడియం, బైకార్బొనేటు మిగులుతాయి. అడ్డుగా ఉన్న కాల్షియం తగ్గడంతో ఫ్లోరైడు మరింతగా కరుగుతుంది.

ఇటువంటి నీరు మెత్తగా ఉంటుంది. పప్పు త్వరగా ఉడుకుతుంది. సబ్బు బాగా నురుగుతుంది. అంటే వంటింటి పరీక్షలో నెగ్గిన బావి ఫ్లోరైడు పరీక్షలో ఓడిపోవచ్చు. ఉప్పునీళ్ళ బావి అని వదిలేసిన దానిలో ఫ్లోరైడు తక్కువగా ఉండవచ్చు. మెత్తని నీటిలో తప్పనిసరిగా ఫ్లోరైడు ఉంటుందని దీని అర్థం కాదు. నల్లమల ఊటల వంటి చోట్ల రెండూ తక్కువగా ఉండవచ్చు. రుచిని బట్టి తీర్పు చెప్పలేమన్నదే ఇక్కడి ముఖ్య విషయం.

తాగునీటి ప్రమాణాలు

భారతీయ ప్రమాణాల సంస్థ 2012లో సవరించిన ఐ.ఎస్. 10500 ప్రకారం తాగునీటిలో ఉండదగిన పరిమితులు ఇవి. మొదటి అంకె కోరదగిన పరిమితి. రెండవది వేరే నీటి వనరు లేనప్పుడు అనుమతించే గరిష్ఠ పరిమితి. అన్నీ లీటరుకు మిల్లీగ్రాములలో.

* మొత్తం కరిగిన లవణాలు - 500, 2,000
* మొత్తం కఠినత్వం - 200, 600
* కాల్షియం - 75, 200
* మెగ్నీషియం - 30, 100
* క్లోరైడు - 250, 1,000
* సల్ఫేటు - 200, 400
* ఫ్లోరైడు - 1.0; 1.5
* నైట్రేటు - 45, సడలింపు లేదు

ఈ పట్టికను బట్టి చూస్తే ఫ్లోరైడు పరిమితి ఎంత చిన్నదో తెలుస్తుంది. వేడి ప్రాంతాలలో మనుషులు ఎక్కువ నీరు తాగుతారు కనుక అదే సాంద్రత గల నీటి నుండి శరీరానికి చేరే ఫ్లోరైడు కూడా ఎక్కువే.

పరీక్ష

చేతిలో పట్టే టి.డి.ఎస్. మీటరు నీటి విద్యుత్ వాహకతను బట్టి మొత్తం లవణాలను అంచనా వేస్తుంది. ఏ లవణం ఎంత ఉందో చెప్పదు. టి.డి.ఎస్. 500 ఉన్న నీటిలో ఫ్లోరైడు 0.5 ఉన్నా, 3 ఉన్నా మీటరుపై తేడా కనిపించదు. ఫ్లోరైడుకు రంగు మారే రసాయనంతో చేసే క్షేత్ర పరీక్ష గాని, ప్రయోగశాలలో ఎలక్ట్రోడుతో చేసే పరీక్ష గాని అవసరం. వానాకాలానికి ముందు, తరువాత ఫలితాలు మారవచ్చు కనుక రెండుసార్లు పరీక్షించడం మంచిది. పక్క బోరు ఫలితాన్ని తమ బోరుకు అన్వయించుకోకూడదు.

శుద్ధి చేసే పద్ధతులు

నల్గొండ పద్ధతి: నాగపూర్ లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధనా సంస్థ 1970ల దశకంలో రూపొందించింది. నీటిలో సున్నం, పటిక, బ్లీచింగ్ పొడి తగు పాళ్ళలో కలిపి, తేర్చి, పైనీటిని తీసుకుంటారు. ఫ్లోరైడు మడ్డితో పాటు అడుగుకు చేరుతుంది. పటిక మోతాదు నీటిని బట్టి మార్చవలసి ఉంటుంది.

ఉత్తేజిత అల్యూమినా: ఈ గుళికల గుండా నీటిని పంపితే ఫ్లోరైడు వాటికి అంటుకుంటుంది. కొంతకాలం తరువాత గుళికలను తిరిగి శుద్ధి చేయాలి.

ఆర్.ఓ. పద్ధతి: ఒత్తిడితో పలుచని పొర గుండా నీటిని పంపుతారు. ఫ్లోరైడు, నైట్రేటులతో పాటు కాల్షియం, మెగ్నీషియం కూడా పోతాయి. నీరు చప్పబడుతుంది. కొంత నీరు వృథా అవుతుంది. టి.డి.ఎస్. 500 లోపు ఉన్నచోట ఆర్.ఓ. వాడకాన్ని నిషేధించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో ఆదేశించింది. అయితే టి.డి.ఎస్. తక్కువగా ఉండి ఫ్లోరైడు ఎక్కువగా ఉన్న నీటిని ఈ ఒక్క అంకెతో గుర్తించలేము.

ఊళ్ళలో 20 లీటర్ల క్యాన్లలో అమ్మే ఆర్.ఓ. నీటిని వాడుకలో మినరల్ వాటర్ అంటారు. నిజానికి ఇది ఖనిజాలను తీసివేసిన నీరు. సీసాలలో అమ్మే సహజ ఖనిజ జలానికి ఐ.ఎస్. 13428, శుద్ధి చేసిన తాగునీటికి ఐ.ఎస్. 14543 అని భారతదేశంలో వేర్వేరు ప్రమాణాలు ఉన్నాయి.

ఆహారం కూడా కొంత ప్రభావం చూపుతుంది. చింతపండు తినడం వలన మూత్రం ద్వారా ఫ్లోరైడు ఎక్కువగా బయటకు పోతుందని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 2002లో ప్రచురించారు. ఇది నీటి శుద్ధికి ప్రత్యామ్నాయం కాదు.

నదీ జలాల సరఫరా

నదుల నీరు రాతి పగుళ్ళలో ఎక్కువ కాలం నిలిచి ఉండదు. కాబట్టి దానిలో ఫ్లోరైడు సాధారణంగా తక్కువ. ఈ కారణంగా ఫ్లోరైడు ప్రాంతాలకు నదీ జలాలను తరలించడం శాశ్వత పరిష్కారంగా భావించారు. తెలంగాణ ప్రభుత్వం చేపట్టిన మిషన్ భగీరథ పథకాన్ని 2016 ఆగస్టు 7న గజ్వేల్ ప్రాంతంలోని కోమటిబండలో ప్రధాని నరేంద్ర మోదీ ప్రారంభించారు. ఈ పథకంలో పాలమూరు ప్రాంతానికి కృష్ణా నది నీటిని శుద్ధి చేసి గొట్టాల ద్వారా అందిస్తున్నారు.

నది నీటి రుచి బోరు నీటి రుచికి భిన్నంగా ఉంటుంది. సూక్ష్మజీవులను చంపడానికి కలిపే క్లోరిన్ వాసన కొందరికి నచ్చదు. ఆ వాసన నచ్చక, అలవాటైన బోరు నీటినే తాగే కుటుంబాలలో పిల్లలకు ఫ్లోరైడు ముప్పు తొలగదు. నీటిని మూత తీసిన పాత్రలో కొన్ని గంటలు ఉంచితే క్లోరిన్ వాసన చాలావరకు పోతుంది. బోరు నీటిలోని ఫ్లోరైడు మాత్రం ఎంతసేపు ఉంచినా పోదు. పరీక్షలో ఫ్లోరైడు పరిమితి దాటిన బోరు నీటిని ఉతుకుకు, స్నానానికి వాడుకోవచ్చు. తాగడానికి, వంటకు మాత్రం వాడకూడదు.